వాడిన వంటనూనె: మళ్లీ వాడాలా, పారేయాలా, ఎవరికైనా ఇవ్వాలా?

వేపుడు అయ్యాక మూకుడులో మిగిలిన నూనె సంగతి చాలామంది నిలబడ్డ చోటే తేల్చేస్తారు. పక్కనే ఉన్న సింకులోకి వంచేస్తారు, లేదా డబ్బాలో పోసి రేపటి వంటకు దాస్తారు. ఈ రెండూ కాక ఇంకా అరడజను దారులున్నాయి. వాటిలో కొన్ని నిజంగా మంచివి, కొన్ని పైకి మంచివిలా కనిపించి హాని చేసేవి. ఏది ఎంచుకోవాలో తేలాలంటే రెండు సంగతులు చూడాలి: నూనె ఏ స్థితిలో ఉంది, ఎంత మిగిలింది. "ఒక్కసారి కాగిందంటే విషమే" అనేవాళ్లూ, "వడకడితే ఎన్నిసార్లయినా వాడొచ్చు" అనేవాళ్లూ నూనె వైపు చూడకుండానే తీర్పు చెబుతున్నారు. ఇంత కీలకమైన విషయంలో అలాంటి సలహాలు నమ్మి ఆరోగ్యం పాడుచేసుకోవద్దు.

కాగిన నూనె ఎందుకు చెడుతుంది

నూనెను పాడుచేసేవి మూడు: తడి, గాలి, వేడి. వేపే పదార్థంలోని నీరు ఆవిరవుతూ నూనె అణువులను విడగొడుతుంది. అలా విడిపడిన కొవ్వు ఆమ్లాలు పెరిగిన కొద్దీ నూనె మునుపటికన్నా తక్కువ వేడికే పొగ చిమ్ముతుంది. గాలిలోని ఆక్సిజన్ చేరినప్పుడు ఆల్డిహైడ్లు అనే రసాయనాలు పుడతాయి. పాత నూనె కమురు కంపులో వీటిదే పెద్ద వాటా. ఇక ఎక్కువసేపు కాగితే విడివిడిగా ఉన్న అణువులు ఒకదానికొకటి అతుక్కుని పెద్ద గొలుసులవుతాయి. నూనె చిక్కబడి గరిటెకు జిగురులా పట్టుకునేది అందుకే. పొయ్యి పక్క గోడ మీద పేరుకుని, ఎంత రుద్దినా వదలని పసుపుపచ్చ జిడ్డు కూడా ఇలా తయారైనదే.

ఈ మార్పులన్నిటినీ కలిపి కొలవడానికి ప్రయోగశాలల్లో "మొత్తం పోలార్ పదార్థాలు" అనే లెక్క ఉంది. తాజా నూనెలో ఇవి చాలా తక్కువ. వేపిన కొద్దీ పెరుగుతూ పోతాయి. నియమం ఉన్న దేశాల్లో ఎక్కువగా 24 నుంచి 27 శాతం మధ్య ఎక్కడో ఒక గీత గీసి, అది దాటిన నూనె వంటకు పనికిరాదని తేల్చారు. 25 శాతం అన్నది ఎక్కువగా వినిపించే అంకె. పెద్ద వంటశాలల్లో దీన్ని కొలిచే చేతి మీటర్లు వాడతారు. ఇంటికి అంత అవసరం లేదు. కళ్లతో, ముక్కుతో పట్టుకోగల గుర్తులున్నాయి, కాసేపట్లో చెబుతాను.

ఆరోగ్యం మాటకొస్తే, మళ్లీ కాచిన నూనె అనగానే అందరూ గుండెకు చెడు చేసే ట్రాన్స్ ఫ్యాట్ అనే కొవ్వు పేరెత్తుతారు. ఇంటి వేపుడులో అది పెరిగేది కొద్దిగానే. దానికి అసలు మూలం పాక్షికంగా హైడ్రోజనీకరించిన కొవ్వులు, అంటే నూనెకు హైడ్రోజన్ చేర్చి గట్టిపరిచినవి. మనం ఎక్కువగా పట్టించుకోవలసింది ఆల్డిహైడ్లను. వాటిలో 4-హైడ్రాక్సీనొనెనాల్ అనేది శరీర కణాల్లోని ప్రొటీన్లకు, డీఎన్ఏకు అతుక్కునే గుణం ఉన్న పదార్థం. నూనె పొగలో కళ్లు మండించే అక్రోలీన్ కూడా ఈ కుటుంబానిదే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ, ఎక్కువ వేడిలో వేపేటప్పుడు వచ్చే పొగలను మనుషుల్లో బహుశా క్యాన్సర్ కలిగించే వాటి వర్గంలో, అంటే 2ఏ లో చేర్చింది. నూనె గురించి మాట్లాడేటప్పుడు తినేవాళ్ల ఆరోగ్యమే లెక్కలోకి వస్తుంది. పొయ్యి ముందు గంటల తరబడి నిలబడి ఆ పొగ పీల్చేవాళ్ల గురించి ఎవరూ అడగరు. పాత నూనెతో ముందుగా నష్టపోయేది వాళ్లే.

మళ్లీ వాడటమా, ఆపేయడమా

పొగ రాకుండా, 170 నుంచి 180 డిగ్రీల దగ్గర వేపి, వెంటనే దించేసిన నూనె ఒక్కసారికే విషమైపోదు. దాన్ని వడకట్టి మళ్లీ వాడుకోవచ్చు. అయితే ఎలా వాడుకోవాలన్న దగ్గర రెండు దారులున్నాయి. మళ్లీ మూకుడు నిండా పోసి వేపడం ఒకటి. చిన్న మంట మీద చేసే వంటల్లో చెంచా రెండు చెంచాలుగా వేసి అవగొట్టడం రెండోది. నేను రెండోదే మంచిదంటాను. మళ్లీ నిండుగా కాస్తే నూనె ఇంకా పాడవుతుంది, చివర్లో మళ్లీ అంతే నూనె మిగిలి అదే సమస్య ఎదురవుతుంది. కొద్దికొద్దిగా వాడేస్తే పారేయాల్సిన అవసరమే రాదు. వారం పది రోజుల్లో అయిపోయేలా చూసుకోవాలి.

ఏం వేపారన్నది కూడా పెద్ద తేడా తెస్తుంది. ముక్కలు ఉన్నవి ఉన్నట్టు వేపితే నూనె చాలావరకు తేటగానే మిగులుతుంది. పిండి పూసినవి, మసాలా పట్టించినవి, చేపలు, మాంసం వేపితే అడుగున మడ్డి చేరి, మాడి, నూనెను తొందరగా నల్లబరుస్తుంది. చేపలు వేపిన నూనె రుచి వేరే వంటకు ఎలాగూ నప్పదు, అది ఒక్కసారితో ఆపేయడమే మేలు. ఉప్పు వేపక ముందు కాక, వేపి తీశాక చల్లడం మంచి అలవాటు. ముక్కలను బాగా తుడిచి తడి లేకుండా వేస్తే నూనె చిందడమూ తగ్గుతుంది, చెడటమూ తగ్గుతుంది.

నూనె రకాన్ని బట్టి చూస్తే, లినోలిక్ ఆమ్లం అనే, ఆక్సిజన్‌తో తేలిగ్గా కలిసే కొవ్వు ఆమ్లం ఎక్కువగా ఉండే మామూలు పొద్దుతిరుగుడు, సోయా, మొక్కజొన్న నూనెలు పదేపదే వేడి చేస్తే త్వరగా విరుగుతాయి. వేరుశనగ నూనె వాటికన్నా కాస్త ఓర్చుకుంటుంది. వేడికి ఎక్కువ ఓర్చుకునే ఓలిక్ ఆమ్లం ఎక్కువ ఉండేలా పండించిన పొద్దుతిరుగుడు నూనె, పామోలిన్ ఇంకా నిలకడగా ఉంటాయి. పొగ వచ్చే ఉష్ణోగ్రత ఎక్కువున్న నూనె అంటే ఎక్కువసార్లు వాడదగ్గ నూనె అని చాలామంది అనుకుంటారు. ఆ రెండూ వేరువేరు. శుద్ధి చేసిన పొద్దుతిరుగుడు నూనె దాదాపు 230 డిగ్రీల దాకా పొగ రాకుండా ఉంటుంది, అయినా లోపల ఆక్సీకరణ, అంటే ఆక్సిజన్ చేరి నూనె చెడటం, మాత్రం ఆగదు. వేడికి ఓర్చుకునే నూనె అన్నంత మాత్రాన తినడానికి అన్నిటికన్నా మంచిదనీ కాదు. పామోలిన్ నిలకడకు కారణం అందులోని సంతృప్త కొవ్వులే. కాబట్టి ఎక్కువసార్లు వాడుకోవడం కోసం నూనె మార్చడం కన్నా, తక్కువసార్లు వేపడం తెలివైన పని.

ఇక ఆపేయాల్సిన గుర్తులు. మునుపు రాని వేడికే పొగ వస్తుంటే, ముక్కలు వేసినప్పుడు లేచే నురుగు అణగకుండా పైనే నిలిచిపోతుంటే, చల్లారిన నూనె వేళ్ల మధ్య తీగలా సాగుతుంటే, రంగు డబ్బా లేదా వార్నిష్ వాసన తగులుతుంటే, వేపినవి పైకి నల్లబడి లోపల నూనె పీల్చుకుని బరువుగా వస్తుంటే ఆ నూనె పని అయిపోయినట్టే. ఇవన్నీ కలిసి కనిపించేదాకా ఆగక్కర్లేదు, ఒక్కటి చాలు. రంగును మాత్రం ఒంటరిగా నమ్మకండి. కారం, పసుపు కలిసిన మంచి నూనె ఎర్రగా ఉండొచ్చు, చెడిన నూనె తేటగా కనిపించొచ్చు.

వడకట్టడం గురించి ఒక అపోహ గట్టిగా పాతుకుపోయింది. గుడ్డతో వడకడితే మాడిన ముక్కలు పోతాయి, దానివల్ల మేలే. కానీ నూనెలో కరిగి ఉన్న చెడు పదార్థాలు గుడ్డలోంచి దర్జాగా దాటిపోతాయి. పాత నూనెలో కొత్త నూనె కలపడమూ అంతే. చెడు పలచబడుతుంది తప్ప పోదు, పైగా ఆక్సిజన్ చేరడం వల్ల పాతదాంట్లో పుట్టిన పెరాక్సైడ్లు అనే పదార్థాలు కొత్తదాన్ని త్వరగా చెడగొడతాయి. రెండూ కలిపి ఒకే డబ్బాలో పోసే అలవాటు ఉంటే ఈరోజే మానేయండి.

దాచేటప్పుడు పూర్తిగా చల్లారాక, వడకట్టి, మూత బిగుతుగా ఉన్న గాజు సీసాలోనో స్టీలు డబ్బాలోనో నిండుగా పోసి, వెలుతురు తగలని చోట పెట్టాలి. ఫ్రిజ్ ఇంకా మంచిది. ఇనుము, రాగి నూనె ఆక్సీకరణను వేగం చేస్తాయి కాబట్టి ఇనుప మూకుడులోనే వదిలేసి పైన పళ్లెం మూసి పెట్టడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. వేడి నూనెను ప్లాస్టిక్ సీసాలో పోయకండి, సీసా కరిగి నూనె కాళ్ల మీద పడుతుంది.

సింకు అన్నది ఎంపికే కాదు

మిగతా దారులను పోల్చి చూడొచ్చు, దీన్ని మాత్రం పోలికలోకి తేవడానికే నేను ఒప్పుకోను. వేడినీళ్లు, సబ్బు పోస్తే జిడ్డు పోతుందని అనుకుంటారు. పోయేది మన కంటి ముందు నుంచే. కొంత దూరం వెళ్లాక నీరు చల్లబడి కొవ్వు గొట్టం గోడలకు అంటుకుంటుంది. మురుగులోని కాల్షియంతో చేరి గట్టి సబ్బులాంటి ముద్ద అవుతుంది, దానికి తడి తుడుపు కాగితాలు, చెత్త చుట్టుకుంటాయి. 2017లో లండన్‌లోని వైట్‌చాపెల్ కింద ఉన్న మురుగు కాలువలో ఇలాంటి ముద్ద ఒకటి బయటపడింది. పొడవు 250 మీటర్లు, బరువు దాదాపు 130 టన్నులు. దాన్ని తవ్వి తీయడానికి వారాలు పట్టింది. అంత పెద్దది ఏ ఒక్కరి తప్పూ కాదు, ఎన్నో ఇళ్ల నుంచి కొద్దికొద్దిగా జారిన కొవ్వు అది. సెప్టిక్ ట్యాంకు ఉన్న ఇంట్లో ఈ నష్టం ఇంకా దగ్గర్లోనే కనిపిస్తుంది. నూనె పైన తెట్టులా పేరుకుంటుంది, ఇంకుడు మట్టిలోకి చేరితే అక్కడి రంధ్రాలను మూసేస్తుంది.

చెరువులోకో కాలువలోకో చేరిన నూనె నీటి మీద పొరలా పరుచుకుని గాలి అందకుండా చేస్తుంది. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నీటిలోని ఆక్సిజన్‌ను వాడేసుకుంటాయి, చేపలకు ఊపిరాడదు. పక్షుల ఈకలకు అంటితే వాటికి చలినీ తడినీ ఆపే శక్తి పోతుంది. మొక్కల నుంచి తీసిన నూనె కదా, ప్రకృతిలో కలిసిపోతుందిలే అనుకోవడం పొరపాటు. ఇలాంటి హాని చేయడంలో వంటనూనె పెట్రోలియం నూనెకు పెద్దగా తీసిపోదు. మొక్క మొదట్లో పోస్తే మట్టి నీటిని తోసేస్తుంది, వేర్లకు గాలి ఆడదు, చీమలూ ఎలుకలూ చేరతాయి.

కొద్దిగా మిగిలితే

రెండు మూడు చెంచాల నుంచి ఒక కప్పు దాకా అయితే పెద్దగా ఆలోచించక్కర్లేదు. గిన్నెకు అంటిన జిడ్డును కడగకముందే కాగితంతో తుడిచి చెత్తలో వేయండి. అన్ని సలహాల్లోకీ సులువైనది ఇదే, దీన్ని రోజూ పాటించేవాళ్లు మాత్రం తక్కువ. కప్పు నూనె ఉంటే చల్లార్చి పాత కాగితాలు, పొట్టు, పాడైన పిండి లాంటి దాంట్లో పీల్చనిచ్చి, కారని సంచీలో కట్టి అదే రోజు చెత్తలో పంపేయాలి.

అదే రోజు అని ఊరికే అనలేదు. నూనె పీల్చిన గుడ్డలు, రంపపు పొట్టు కుప్పగా ఉంటే, గాలి తగిలి ఆక్సీకరణ జరిగేటప్పుడు పుట్టే వేడి బయటికి పోలేక లోపలే పెరిగి, నిప్పు లేకుండానే అంటుకునే అవకాశం ఉంది. వంటగది నూనె గుడ్డలను డ్రయ్యర్‌లో ఆరబెట్టి వేడివేడిగా మడతపెట్టినప్పుడు ఇలాంటి మంటలు చెలరేగిన సందర్భాలున్నాయి. జిడ్డు గుడ్డలను పరిచి ఆరేయండి, కుప్ప వేయకండి.

నూనెను గడ్డకట్టించే పొడులు కూడా దొరుకుతున్నాయి. ఇవి ఎక్కువగా ఆముదం నుంచి తీసిన కొవ్వు ఆమ్లంతో చేసినవి. వేడి నూనెలో కలిపి వదిలేస్తే చల్లారాక మైనంలా గట్టిపడుతుంది, అట్టలా ఊడదీసి చెత్తలో వేయొచ్చు. కాగితాల కన్నా శుభ్రమైన పద్ధతి. నూనె సేకరించేవాళ్లు లేని చోట, లీటరు దాకా మిగిలే ఇంటికి ఇది నప్పుతుంది. కాకపోతే ఇలా గట్టిపడ్డ నూనె ఇంధనంగా మారే దారి మూసుకుపోతుంది. పొడి కొనడానికి డబ్బు పెట్టాలి, చల్లారిన నూనెను మళ్లీ వేడి చేయాలి.

కంపోస్టు కుప్ప ఉన్నవాళ్లు కాగితానికి అంటిన నూనె జిడ్డును అందులో వేస్తే ఇబ్బంది లేదు. నూనెనే పోస్తే గాలి ఆడక కుప్ప కంపుకొడుతుంది.

ఎక్కువగా మిగిలితే సేకరణకే

తరచుగా వేపేవాళ్లు, నెలకు లీటరో అంతకన్నా ఎక్కువో పారేసేవాళ్లు, ఇక వంట వ్యాపారం చేసేవాళ్లు సంకోచం లేకుండా ఎంచుకోవలసిన దారి ఇది. సేకరించిన నూనెను మెథనాల్‌తో, క్షారంతో చర్య జరిపితే బయోడీజిల్ వస్తుంది. దాదాపు 100 కిలోల నూనెకు 10 కిలోల మెథనాల్ కలిస్తే 100 కిలోల దాకా బయోడీజిల్, 10 కిలోల గ్లిజరిన్ తయారవుతాయి. విమాన ఇంధనం కూడా చేస్తున్నారు. 2023 నవంబరులో లండన్ నుంచి న్యూయార్క్‌కు శిలాజ ఇంధనం లేకుండా ఎగిరిన ప్రయాణికుల జెట్ విమానంలో పోసినది ఎక్కువగా వాడిన వంటనూనె, వ్యర్థ కొవ్వుల నుంచి చేసిందే. మనం చెత్త అనుకున్నది సముద్రం దాటించగలదు.

ఇందుకు నూనెను సరిగా సిద్ధం చేయాలి. పూర్తిగా చల్లార్చి, ముక్కలు వడకట్టి, పొడిగా ఉన్న క్యానులో గరాటుతో పోయాలి. నీరు, గిన్నెల సబ్బు, ఇంజిన్ ఆయిల్ చుక్క కూడా కలవకూడదు. నీరు, విడిపడిన కొవ్వు ఆమ్లాలు ఎక్కువుంటే బయోడీజిల్ బదులు సబ్బు తయారై పని చెడుతుంది. క్యాను మీద "వాడిన నూనె, వంటకు కాదు" అని పెద్దగా రాయండి. ఇంట్లో మరొకరు పొరపాటున దాన్నే పొయ్యి మీదికి ఎక్కించకుండా ఈ ఒక్క చీటీ ఆపుతుంది.

ఎవరికి ఇస్తున్నామన్నది అంతకన్నా ముఖ్యం. వాడిన నూనెను రంగు తీసి, వాసన పోగొట్టి మళ్లీ తినే నూనెగా అమ్మే మోసాలు ఉన్నాయి. తినకూడని నూనె తినే నూనెల దారిలోకి జారితే ఎంత ఘోరం జరుగుతుందో 1981లో స్పెయిన్ చూసింది. పరిశ్రమల కోసం అనిలిన్ అనే రసాయనం కలిపిన ఆవ జాతి నూనెను వంటనూనెగా అమ్మడంతో ఇరవై వేల మంది దాకా జబ్బు పడ్డారు, వందల మంది చనిపోయారు. అది వాడిన నూనె కాదు, కానీ దారి తప్పిన తీరు ఒకటే. అందుకే నూనె తీసుకెళ్లేవాళ్లను అడగండి: ఎక్కడికి వెళ్తుంది, ఏమవుతుంది, రసీదు ఇస్తారా, అనుమతి ఉందా. జవాబు తడబడితే, ఎంత ఎక్కువ ధర ఇస్తామన్నా ఇవ్వొద్దు. వ్యాపారులకు ఇది మరీ గట్టిగా చెబుతున్నాను. తక్కువ ధరకైనా లెక్క చూపే సేకర్తే మేలు. మీ వంటశాలలోంచి బయటికెళ్లిన నూనె ఇంకెవరి పిల్లల పళ్లెంలోకో రాకూడదు.

ఇంట్లోనే వేరే పనికి వాడితే?

సబ్బు చేయడం వీటిలో నిజంగా పనికొచ్చేది. నేల, బట్టలు, అంట్లకు ఆ సబ్బు బాగానే పనిచేస్తుంది, ఒంటికి మాత్రం వద్దు. కానీ ఇందులో కాస్టిక్ సోడా ఉంటుంది. అది చర్మాన్ని, కంటిని కాల్చేస్తుంది. సోడా ఎంత వేయాలన్నది నూనె రకాన్ని బట్టి మారుతుంది. 100 గ్రాముల పొద్దుతిరుగుడు లేదా వేరుశనగ నూనెకు సుమారు 13 గ్రాములు పడితే, కొబ్బరినూనెకు 18 దాకా పడుతుంది. కాబట్టి త్రాసు లేకుండా, కంటి అంచనాతో దిగకూడదు. సోడాను నీళ్లలో వేయాలి, సోడా మీద నీళ్లు పోయకూడదు. అల్యూమినియం గిన్నె వాడితే హైడ్రోజన్ వాయువు పుడుతుంది, స్టీలు వాడండి. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. చేసిన సబ్బును నాలుగు నుంచి ఆరు వారాలు ఆరనివ్వాలి. చిన్నపిల్లలు తిరిగే ఇంట్లో నేనైతే ఈ దారి వద్దనే చెబుతాను.

దీపాల్లో పోస్తే వంట తుక్కు వల్ల వత్తి మసిబారి పొగ వస్తుంది, ఇంటి లోపల మంచిది కాదు. కిర్రుమనే తలుపు బందులకు రాస్తే రెండు రోజులు మెత్తగా ఉండి తర్వాత జిగురుగా బిగుసుకుంటుంది. బండిలో డీజిల్ బదులు నేరుగా పోస్తే చిక్కదనం వల్ల ఇంజెక్టర్లు మసి పట్టి పాడవుతాయి. ఇంట్లో బయోడీజిల్ చేయాలన్న ఉత్సాహం కొందరికి ఉంటుంది. మెథనాల్ విషం, పైగా తేలిగ్గా అంటుకుంటుంది, దాన్ని వంటింటి దరిదాపులకు రానివ్వకండి. పశువులకు, కుక్కలకు పోయడం కూడా దయ అనుకోవద్దు. కొవ్వు ఎక్కువైతే కుక్కలకు క్లోమం వాచే జబ్బు వస్తుంది. వంటశాలల వాడిన నూనెను పశువుల దాణాలో కలపడాన్ని యూరప్ దేశాలు నిషేధించాయి.

వేడి నూనె చేతిలో ఉన్నప్పుడు

పైన చెప్పిన ఏ దారి ఎంచుకున్నా మొదటి పని చల్లార్చడమే. మూకుడును పిల్లలకు అందని చోట, మూత పెట్టి కొన్ని గంటలు కదపకుండా ఉంచండి. నూనె అంటుకుంటే పొయ్యి ఆపి, మూతతో గాని పెద్ద పళ్లెంతో గాని కప్పేయాలి. నీళ్లు పోయడం ప్రాణాంతకం. నీరు అడుక్కి దిగి క్షణంలో ఆవిరై దాదాపు 1700 రెట్లు వ్యాకోచిస్తుంది, మండుతున్న నూనెను పైకప్పు దాకా ఎగజిమ్ముతుంది. మూకుడును ఎత్తి బయటికి పరుగెత్తడమూ వద్దు.

అసలు మిగిలే నూనె తగ్గాలంటే పాత్ర మార్చి చూడండి. వెడల్పాటి మూకుడు బదులు సన్నగా, లోతుగా ఉన్న గిన్నె తీసుకుంటే సగం నూనెతోనే ముక్క మునుగుతుంది, గాలి తగిలే పైభాగమూ తగ్గుతుంది. ఒకేసారి గుమ్మరించకుండా కొద్దికొద్దిగా వాయిలు వేస్తే వేడి పడిపోదు, ముక్కలు ఎక్కువ నూనె పీల్చవు. వాయికీ వాయికీ మధ్య చిల్లుల గరిటెతో తుక్కు తీసేస్తుండాలి. చివరి వాయి దించగానే పొయ్యి ఆపేయాలి.